పాత క్రాంకు ఏ ఇంజన్‌ది?

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే రోడ్డు మీద నల్లపాడు దాటితే చాలు, రెండు పక్కలా నల్లరేగడి కనిపిస్తుంది. మిరపకీ పత్తికీ పేరుపడ్డ నేల అది. ట్రాక్టరును మాత్రం బాగా కష్టపెడుతుంది. తడి ఆరీ ఆరని రేగడిలో రోటవేటర్ దించితే ఇంజన్ మూలుగుతుంది. మిర్చి యార్డుకు బస్తాలు తోలే రోజులు వచ్చాయంటే అదే ఇంజన్ నిండు ట్రక్కుతో రోడ్డెక్కాలి. ఏళ్ళ తరబడి రెండు పనులూ చేసిన ఇంజన్ ఏదో ఒక సీజనులో బోరుకొస్తుంది. ఇంజన్ దించుతారు. దించాక యజమాని రెండు కోరికలు చెబుతాడు: ఖర్చు తగ్గాలి, లాగుడు పెరగాలి. పాత క్రాంక్‌షాఫ్టులకు గిరాకీ అక్కడే పుడుతోంది.

గుంటూరు ఆటోనగర్‌లో, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, ఇంకా దూరం పోతే చెన్నై పుదుపేటలో విప్పిన ఇంజన్ల సామాను గుట్టలుగా దొరుకుతుంది. మిగతా సామానుకు లేని ఇబ్బంది క్రాంకుకు ఉంది. ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది, చాసిస్ నంబరు చాసిస్ మీద ఉంటుంది. బ్లాకులోంచి బయటికొచ్చిన క్రాంకు మీద ఆ రెండూ ఉండవు. గ్రీజూ తుప్పూ మసీ కలిసి అన్నిటినీ ఒకే రంగుకు తెస్తాయి. అమ్మే ఆయన “మాసీది” అంటే మాసీది, “మహీంద్రాది” అంటే మహీంద్రాది.

కొనే మనిషి ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఈ క్రాంకు ఏ ఇంజన్‌ది? ఇందులో ఇంకా ఎంత పని మిగిలింది? మన మెకానిక్కుల్లో ఎక్కువమంది రెండోదాన్ని ముందు పట్టుకుంటారు. జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) మీద గోరు పెట్టి గీతలు తగులుతున్నాయా అని చూస్తారు, బాగుందంటే బేరానికి దిగుతారు. ఎంత నిగనిగలాడే క్రాంకైనా వేరే ఇంజన్‌దైతే అది తూకానికి అమ్ముకోవాల్సిన ఇనుమే. అందుకే గుర్తింపు ముందు, ఆయువు తర్వాత. సాధారణ రిపేరులో ఈ వరస తప్పినా డబ్బు నష్టంతో సరిపోతుంది. శక్తి పెంచడానికి చేసే ఇంజన్ పనిలో తప్పితే రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది.

పాత క్రాంకును గుర్తించాలనుకున్నవాళ్ళు మొదట చూసేది స్ట్రోక్. క్రాంకు తిరిగే నడిమధ్య రేఖ నుంచి రాడ్డు బిగించే పిన్ను మధ్యకు ఎంత దూరమో, దానికి రెట్టింపు స్ట్రోక్. పిస్టన్ కింది నుంచి పైకి నడిచే దూరం అది. బోరు వైశాల్యాన్ని స్ట్రోక్‌తోనూ, సిలిండర్ల సంఖ్యతోనూ హెచ్చవేస్తే సీసీ వస్తుంది. కాబట్టి లాగుడు కోరేవాళ్ళ చూపు పొడవు స్ట్రోక్ మీద పడటం సహజం. స్ట్రోక్ కొలిస్తే క్రాంకు ఏ ఇంజన్‌దో తేలిపోతుందని కూడా వాళ్ళు నమ్ముతారు. మన దేశంలో ఎక్కువగా తిరిగిన ఇంజన్లను ఒక్కొక్కటే పరిశీలిస్తే ఆ నమ్మకం నిలబడదు.

బుల్లెట్ సంగతి చూడండి. పాత బుల్లెట్ 350 బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., 346 సీసీ. బుల్లెట్ 500 బోరు 84, స్ట్రోక్ అదే 90, 499 సీసీ. 2013లో వచ్చిన కాంటినెంటల్ జీటీ 535లో బోరు 87 అయింది, స్ట్రోక్ మళ్ళీ 90. మూడు బళ్ళు, మూడు సీసీలు, ఒకే స్ట్రోక్. దీనికి తిరగేసిన చిక్కు కూడా అదే కంపెనీలో ఉంది. 2020లో మీటియర్‌తో మొదలైన కొత్త 350 ఇంజన్ 349 సీసీ. దాని బోరు 72, స్ట్రోక్ 85.8. బజారులో “350 క్రాంకు” అని అడిగితే 90దీ రావచ్చు, 85.8దీ రావచ్చు. పేరు ఒకటే, ఇంజన్లు పూర్తిగా వేరు.

యమహా ఆర్ఎక్స్ 100 బోరూ స్ట్రోకూ రెండూ 50 మి.మీ., 98 సీసీ. ఆర్ఎక్స్ 135లో బోరు 58కి పెరిగి 132 సీసీ అయింది, స్ట్రోక్ 50 దగ్గరే ఆగింది. కుర్రాళ్ళు ఆర్ఎక్స్ 100 కింది ఇంజన్ మీద 135 బ్యారెల్ ఎక్కించడానికి ఉబలాటపడేది ఇందుకే.

పొలం గట్టున నీళ్ళు తోడిన ఇంజన్లలోనూ ఇదే కథ. కిర్లోస్కర్ ఏవీ1 బోరు 80, స్ట్రోక్ 110 మి.మీ.; 1500 ఆర్పీఎం దగ్గర 5 హార్స్‌పవర్ ఇస్తుంది. టీవీ1 బోరు 87.5, స్ట్రోక్ అదే 110. ఒకటి 553 సీసీ, రెండోది 661 సీసీ. ఇంజనీరింగు చదివిన చాలామందికి ఈ టీవీ1 ల్యాబులో పరిచయమే; బయోడీజిల్ పరిశోధనలు దేశమంతటా ఎక్కువగా దీని మీదే జరిగాయి. ఆ ల్యాబు రికార్డుల్లో 87.5, 110 అన్న అంకెలు ఏటా రాయించినా, ఆటోనగర్‌లో క్రాంకు కొనే రోజున అవి గుర్తొచ్చేవాళ్ళు తక్కువ.

అన్నిటికన్నా గట్టి ఉదాహరణ పెర్కిన్స్. మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలో, చెన్నై సింప్సన్ కంపెనీ తయారుచేసిన డీజిల్ ఇంజన్లలో పారింది ఈ రక్తమే. మూడు సిలిండర్ల 3.152 బోరు 3.6 అంగుళాలు, స్ట్రోక్ 5 అంగుళాలు. నాలుగు సిలిండర్ల 4.203 కూడా అంతే, 3.6కి 5. దానికన్నా పెద్దదైన 4.236లో బోరు 3.875 అయింది, స్ట్రోక్ మాత్రం 5 అంగుళాలే. ఆరు సిలిండర్ల 6.354కూ 5 అంగుళాలే. పాత లారీల్లో బిగించిన పీ6 బోరు మూడున్నర అంగుళాలు, స్ట్రోక్ 5. అయిదు అంగుళాలంటే 127 మి.మీ. దశాబ్దాల పాటు ఒక కంపెనీ తన చాలా ఇంజన్లకు ఆ 127నే వాడుకుంటూ వచ్చింది.

ఇక్కడ స్ట్రోక్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. 4.203, 4.236 రెండింటికీ నాలుగు పిన్నులు, రెండింటికీ 127 స్ట్రోక్. పక్కపక్కన లేకుండా విడిగా చూస్తే అలవాటున్న కన్నుకైనా అనుమానం రాకపోవచ్చు. మైక్రోమీటర్ పెడితే నిమిషంలో తేలుతుంది: 4.203లో బ్లాకులో కూర్చునే మెయిన్ జర్నల్ 2.75 అంగుళాలు, అంటే 69.85 మి.మీ.; 4.236ది 3 అంగుళాలు, 76.2 మి.మీ. పిన్నుల్లోనూ అంతే తేడా, ఒకటి 57.15, రెండోది 63.5. పావు అంగుళం తేడాను ఏ గ్రైండింగూ దాచలేదు.

అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ కూడా ఈ కోవలోదే. ఇంగ్లండులో బీఎంసీ కంపెనీ ‘బీ’ సిరీస్ పేరుతో చేసిన ఇంజన్ అది. 1489 సీసీ, స్ట్రోక్ 88.9 మి.మీ. అదే సిరీస్‌లోని 1588, 1622, 1798 సీసీ ఇంజన్లన్నిటికీ స్ట్రోక్ 88.9. ఎంజీబీ స్పోర్ట్స్ కారులో వాడిన 1798 ఇంజన్‌కు మొదట మూడు మెయిన్ బేరింగులుండేవి, 1964 చివర్లో అయిదయ్యాయి. అక్కడ క్రాంకును పోల్చుకోవాలంటే స్ట్రోక్ కాదు, మెయిన్లు లెక్కపెట్టాలి.

కంపెనీలు ఇలా ఎందుకు చేశాయో చెప్పడం కష్టమేం కాదు. క్రాంకు ఫోర్జింగ్ డై ఖరీదైనది. స్ట్రోక్ మారిస్తే డై మారాలి, బ్లాకు ఎత్తు మారాలి, రాడ్డు మారాలి. బోరు పెంచడానికి బ్లాకులో చోటుంటే చాలు.

అన్ని కంపెనీలదీ ఇదే దారి కాదు. టాటా డీజిల్ ఇంజన్ల పేర్లలో మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తర్వాతి రెండంకెలు బోరు. 692 అంటే ఆరు సిలిండర్లు, 92 బోరు. 697 అంటే ఆరు, 97. 407 బండిలోని 497 అంటే నాలుగు, 97. చక్కని పద్ధతి, కానీ క్రాంకు కొనేవాడికి కావలసిన అంకె అందులో లేదు. 697 సీసీ 5675, లెక్క కడితే స్ట్రోక్ 128. 497 సీసీ 2956, లెక్క కడితే స్ట్రోక్ 100. 692ది 120. బోరు ఒకటే అయిన 497, 697ల మధ్య స్ట్రోక్ తేడా 28 మి.మీ. మారుతి పెట్రోలు ఇంజన్లలోనూ స్ట్రోక్ సాక్ష్యం పనికొస్తుంది: జెన్ జీ10 స్ట్రోక్ 61, జిప్సీ, ఎస్టీమ్‌ల జీ13ది 75.5, బలెనో జీ16ది 90. జిప్సీలో బలెనో ఇంజన్ బిగించే ర్యాలీ ప్రియులకు ఈ మూడూ కంఠతా వచ్చు. 800 కారుకూ, 1.1 లీటరు ఆల్టోకూ స్ట్రోక్ 72 అయినా, ఒకదానికి మూడు పిన్నులు, రెండోదానికి నాలుగు.

ఇంతకీ తేలేదేమిటంటే, స్ట్రోక్ ఒక్కటీ సాక్ష్యం కాదు. స్ట్రోక్, మెయిన్ జర్నల్ వ్యాసం, పిన్ను వ్యాసం, జర్నల్ వెడల్పు, మెయిన్ల సంఖ్య, వెనక ఫ్లాంజ్, ముందు ముక్కు — ఇవన్నీ కలిసి ఒకే ఇంజన్ వైపు చూపితేనే క్రాంకు గుర్తు దొరికినట్టు. ఒక్కటి ఎదురు తిరిగినా ఆ క్రాంకు చరిత్ర ఇంకా తెలియలేదనే అర్థం.

నంబర్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిని చదవడమూ తెలియాలి. మెయిన్‌నూ పిన్నునూ కలిపే వెబ్ మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు డైలోంచో అచ్చులోంచో వచ్చినవి. అవి ముడి క్రాంకు నంబరు మాత్రమే చెబుతాయి. ఒకే ముడి ఫోర్జింగ్ నుంచి వేర్వేరు కొలతల క్రాంకులు కోయడం కంపెనీలకు మామూలే కాబట్టి, ఉబ్బెత్తు నంబరు కుటుంబం చెబుతుందే గాని మనిషిని చెప్పదు. లోపలికి గుద్దిన అంకెలు మెషీనింగ్ అయ్యాక పడ్డవి. వాటి మాట ఎక్కువ వినాలి. ఉదాహరణకు సుజుకీ జీ సిరీస్ క్రాంకుల వెబ్‌ల మీద 1, 2, 3 అని గుద్ది ఉంటుంది. అది మెయిన్ జర్నల్ గ్రేడు. ఒక్కో గ్రేడుకూ మధ్య ఆరు మైక్రాన్లే తేడా. బ్లాకు మీది గుర్తునూ ఈ అంకెనూ జతచేసి ఏ రంగు గుర్తున్న బేరింగ్ వేయాలో నిర్ణయిస్తారు. ఇలాంటి అంకెను పార్ట్ నంబరనుకుని ఫోన్లో ఫొటో తీసి నాలుగు కొట్లకు పంపితే నాలుగు జవాబులొస్తాయి.

ఇంకో సాక్షి ఉంది, దాన్ని చాలామంది తుక్కులో పారేస్తారు: పాత బేరింగ్ షెల్స్. షెల్ వీపు మీద తయారీదారు పార్ట్ నంబరూ, సైజూ ముద్రించి ఉంటాయి. క్రాంకుతో పాటు దాని పాత షెల్స్ దొరికితే సగం పని అయిపోయినట్టే. అమ్మే ఆయన్ను అడిగితే తరచూ డబ్బు తీసుకోకుండానే ఇస్తాడు.

కొలత సంగతికి వస్తే, స్ట్రోక్ కొలవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. చదునైన బల్ల మీద రెండు వీ బ్లాకులు పెట్టి, చివరి మెయిన్లు వాటిలో కూర్చోబెట్టి క్రాంకును తిప్పాలి. పిన్ను అన్నిటికన్నా పైకి వచ్చినప్పుడు దాని నెత్తి ఎంత ఎత్తులో ఉందో హైట్ గేజీతో చూడాలి. కిందికి పోయినప్పుడు మళ్ళీ అదే నెత్తి ఎత్తు చూడాలి. రెంటి తేడా స్ట్రోక్. ఒక పిన్ను కొలిచి ఊరుకోకూడదు, అన్నీ కొలవాలి. ఎందుకంటే, పిన్నును మధ్య తప్పించి గ్రైండ్ చేసి స్ట్రోక్ పెంచే పద్ధతి ఒకటుంది. పిన్ను వ్యాసం ఎంత తగ్గిస్తే గరిష్ఠంగా అంత స్ట్రోక్ పెంచుకోవచ్చు. ఎవరో ఎప్పుడో ఆ పని చేయించిన క్రాంకు చేతికొస్తే ఏ పుస్తకంలోనూ లేని స్ట్రోక్ కనిపిస్తుంది. మెషీను సరిగ్గా సెట్ కాకుండా గ్రైండ్ చేసినప్పుడు కూడా పిన్నుకో స్ట్రోక్ వస్తుంది. ఆ రెండో రకం ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

జర్నల్ వ్యాసం నుంచి అసలు సైజు వెతకడం చిన్న లెక్క. మన గ్రైండింగ్ షాపుల్లో పది, ఇరవై, ముప్ఫై, నలభై సైజులంటారు. అవి అంగుళంలో వెయ్యో వంతులు; పది సైజంటే సుమారు పావు మి.మీ. తగ్గినట్టు. మెయిన్ జర్నల్ 69.34 వచ్చిందనుకుందాం. 69.85లోంచి తీసేస్తే 0.51, అంటే ఇరవై సైజు, 2.75 అంగుళాల కుటుంబంతో లెక్క కుదిరింది. పిన్ను 56.39 వస్తే 57.15 నుంచి 0.76 తగ్గింది, ముప్ఫై సైజు. మెయిన్లు ఇరవైలో, పిన్నులు ముప్ఫైలో ఉండటం వింతేమీ కాదు. తేడా ఏ సైజుకూ కుదరక మధ్యలో ఎక్కడో ఆగిందంటే, అరుగుదలైనా ఎక్కువుండాలి, మనం ఊహించిన కుటుంబమైనా తప్పయి ఉండాలి. మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.

ప్రతి జర్నల్‌నూ నాలుగు చోట్లయినా కొలవడం మంచిది: ఒక అంచు దగ్గర నిలువుగా, అడ్డంగా, రెండో అంచు దగ్గర నిలువుగా, అడ్డంగా. గుండ్రం తప్పిందా, వాలిందా రెండూ తెలుస్తాయి. పిన్నుల మీద పేలుడు దెబ్బ ఎప్పుడూ దాదాపు ఒకే వైపు పడుతుంది కాబట్టి పిన్నులు మెయిన్ల కన్నా ముందు గుండ్రం తప్పుతాయి. థ్రస్ట్ ముఖాన్ని మరిచిపోకూడదు. క్లచ్ పెడల్ మీద కాలు తీయని డ్రైవరు చేతిలో నడిచిన ట్రాక్టరు క్రాంకులో ముందు అరిగేది అదే.

క్రాంకు వెనక భాగం కూడా వయసు చెబుతుంది. పాత పెర్కిన్స్ రకాల్లో గ్రాఫైట్ పట్టించిన తాడు సీల్ ఉంటుంది. ఆయిల్‌ను వెనక్కి తోడటానికి క్రాంకు మీద మర కోసి ఉంటుంది. తర్వాతి వాటిలో రబ్బరు లిప్ సీల్ కోసం ఆ చోటు నున్నగా ఉంటుంది. ఒకదాని క్రాంకు ఇంకోదాని బ్లాకులోకి దిగినట్టే ఉంటుంది, మర్నాటికి క్లచ్ ప్లేట్లు ఆయిల్లో తడుస్తాయి.

ఇక లోహం. పోత క్రాంకా, ఫోర్జింగ్ క్రాంకా? మామూలు రిపేరులో ఈ ప్రశ్న రాకపోయినా ఫర్వాలేదు, శక్తి పెంచేటప్పుడు తప్పదు. పోత క్రాంకు వెబ్‌ల అంచున అచ్చు రెండు సగాలు కలిసిన గీత సన్నగా, పదునుగా కనిపిస్తుంది. ఫోర్జింగ్‌లో డైల మధ్య నుంచి పొంగిన లోహాన్ని కోసేస్తారు కాబట్టి ఆ చోట వెడల్పాటి పట్టీ మిగులుతుంది. క్రాంకును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఫోర్జింగ్ స్టీలు గంటలా మోగుతుంది, పోత ఇనుము మొద్దుగా పలికి ఆగిపోతుంది. ఆ మోతను బట్టి పగుళ్ళు లేవని తీర్పు చెప్పేవాళ్ళను మాత్రం నమ్మకూడదు. పెద్ద పగులైతే మోత చెడుతుందేమో గాని, పిన్ను మూలలో వెంట్రుకవాసి పగులును చెవి పట్టలేదు.

పగుళ్ళ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1842 మే నెలలో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర రైలింజన్ ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. బాగున్న ఇరుసు ఎందుకు విరుగుతుందని స్కాట్లాండ్ ఇంజనీరు రాంకిన్ పరిశీలించి, వ్యాసం మారే మూలల దగ్గర పగుళ్ళు పుట్టి లోపలికి పెరుగుతాయని చూపాడు. ఆ తర్వాత జర్మనీలో వోలర్ ఏళ్ళ తరబడి ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించి, లోహం అలసిపోవడానికి లెక్కలు కట్టాడు. రైలు ఇరుసులకు వాళ్ళు చెప్పింది క్రాంకుకు అక్షరాలా వర్తిస్తుంది. జర్నల్ వెబ్‌ను కలిసే మూలలో సన్నటి వంపు ఉంటుంది. షాపు భాషలో రేడియస్. గ్రైండింగ్ రాయి అంచుకు ఆ వంపు సరిగ్గా తీర్చకపోతే మూల పదునుగా తయారవుతుంది, పగులు పుట్టేది అక్కడే. పాత క్రాంకులో జర్నల్ మెరుపు కన్నా ముందు ఆ మూల చూడాలి. రెండో అనుమానపు చోటు ఆయిల్ రంధ్రాల అంచులు.

పరీక్షల్లో అయస్కాంత పరీక్ష అన్నిటికన్నా మేలు. క్రాంకును అయస్కాంతీకరించి ఇనుపరజను ద్రావణం పోస్తే పగులు గీతలా బయటపడుతుంది. అయ్యాక అయస్కాంత గుణం తీసేయడం మరవకూడదు, లేకపోతే ఇంజన్లోని ఇనుపరజనంతా జర్నల్‌కు అంటుకుంటుంది. రంగు ద్రావణం పరీక్ష దాని తర్వాతిది. ఏదీ అందుబాటులో లేని చోట కిరసనాయిల్, సుద్దపొడి పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది: కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్ద అద్దితే పగుల్లో దాగిన కిరసనాయిల్ తడిగీతగా పైకి వస్తుంది. తుక్కు కొట్లో అక్కడికక్కడే ఏరివేతకు అది చాలు. శక్తి పెంచే ఇంజన్లో బిగించే క్రాంకుకు చాలదు. వేగం రెట్టింపైతే పిస్టన్, రాడ్డుల జడత్వ బలం నాలుగు రెట్లవుతుంది. 127 స్ట్రోక్ పెర్కిన్స్ 2000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు ఎనిమిదిన్నర మీటర్లు. బుల్లెట్ 350ని 5250 దాకా లాగితే పదిహేను మీటర్లు దాటుతుంది. దాని పైకి లాగాలనుకునేవాళ్ళు పరీక్ష ఖర్చు దగ్గర వెనకాడితే ప్రాణాలతో ఆడుకున్నట్టే.

మోసం సంగతి కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు నడిచిన ఇంజన్ క్రాంకు అన్ని జర్నల్సూ స్టాండర్డ్ సైజులో మెరుస్తుంటే ఆనందం కన్నా అనుమానం ముందు రావాలి. అరిగిన జర్నల్ మీద వెల్డింగ్ పోసో, లోహం చల్లించో, హార్డ్ క్రోమ్ పూయించో మళ్ళీ స్టాండర్డ్‌కు గ్రైండ్ చేసే పద్ధతులున్నాయి. పద్ధతిగా, తెలిసిన షాపులో చేస్తే అది మంచి పనే. పెద్ద ఇంజన్ల క్రాంకులు అలా బతికినవి చాలా ఉన్నాయి. చెప్పకుండా అమ్మితేనే మోసం. మూలల దగ్గర రంగు తేడా పట్టీ, సూదిమొన రంధ్రాలు, అంచున పొర లేచిన జాడ కనిపిస్తే అడిగి తేల్చుకోవాలి. జర్నల్ నీలం తిరిగి ఉంటే బేరింగ్ పట్టేసి వేడెక్కిందని అర్థం, గట్టిదనం పోయి ఉండవచ్చు. ఆకురాయి కొసతో ఏదో ఒక మూల మెల్లగా గీసి చూస్తే గట్టి జర్నల్ మీద జారిపోతుంది, మెత్తబడ్డ దాన్ని కొరుకుతుంది. నైట్రైడింగ్ చేసిన క్రాంకుల్లో గట్టిపొర మరీ పలుచన కాబట్టి, గ్రైండ్ చేశాక ఆ పని మళ్ళీ చేయించాల్సి రావచ్చు.

మోటారుసైకిళ్ళ దారి వేరు. బుల్లెట్, ఆర్ఎక్స్, జావా, రాజ్‌దూత్ 350 క్రాంకులు ఒక్క ముక్కలో ఉండవు. వెబ్‌లు, పిన్ను విడివిడిగా చేసి బిగించినవి. అక్కడ జర్నల్ సైజుల బదులు రాడ్డు కిట్, పిన్ను పట్టు, రెండు పక్కల వరస చూడాలి. పాత బుల్లెట్‌లో రాడ్డు పెద్ద కన్నులో తేలియాడే బుష్ ఉండేది, తర్వాతి ఇంజన్లలో రోలర్ బేరింగ్ వచ్చింది. గుర్తుకు అదొక మంచి ఆనవాలు. రాజ్‌దూత్ 350 రెండు సిలిండర్లది, బోరు 64, స్ట్రోక్ 54, పిన్నులు ఒకదానికొకటి 180 డిగ్రీల ఎదురుగా ఉంటాయి. ఇలాంటి క్రాంకులు గట్టి దెబ్బకు వెబ్ దగ్గర మెలి తిరుగుతాయి. అది ఆపడానికి పిన్ను చివర వెల్డింగ్ చుక్కలు పెట్టేవాళ్ళున్నారు. ఆ చుక్కలు కనిపిస్తే ఆ బండి పందెంలో పరిగెత్తి ఉండవచ్చు. డయల్ గేజీ మీద తిప్పి చూడకుండా కొనకూడదు.

చివరిది బరువుల సమతూకం. ఔత్సాహికులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. స్ట్రోక్ ఒకటే కదా అని చిన్న బోరు క్రాంకు మీద పెద్ద బోరు పిస్టన్ పెడితే పిస్టన్ బరువు పెరుగుతుంది, క్రాంకు ఎదురు బరువులు మాత్రం పాత పిస్టన్‌కు కొలిచి చేసినవి. ఇంజన్ తిరుగుతుంది, తిరిగినంతసేపూ బేరింగులను కొడుతూనే ఉంటుంది. అమెరికాలో షెవ్రొలే వీ8 ప్రియులు దశాబ్దాలుగా చేస్తున్న ‘383’ దీనికి మంచి పాఠం. 400 ఘనపు అంగుళాల ఇంజన్ క్రాంకు స్ట్రోక్ 3.75 అంగుళాలు, మెయిన్లు 2.65. 350 బ్లాకులో మెయిన్ల చోటు 2.45. మెయిన్లను 2.45కు కోసి, 350 బ్లాకు బోరు ముప్ఫై సైజు పెంచి దింపితే 383 వస్తుంది. అంతటితో అయిపోలేదు. 400 క్రాంకు సమతూకంలో కొంత భాగం దాని ముందు కొసన బిగించే డ్యాంపర్లోనూ, ఫ్లైవీల్ వైపూ ఉంది. 350 డ్యాంపర్ పెడితే కొత్త ఇంజన్ వణికి పాడవుతుంది. వాళ్ళు ఆ తప్పులన్నీ చేసి నేర్చుకుని, ఏ క్రాంకుకు ఏ డ్యాంపరో వివరంగా రాసి పెట్టుకున్నారు. సింప్సన్, కిర్లోస్కర్, బుల్లెట్ ఇంజన్లకు మన మెకానిక్కుల దగ్గర అంతకు తక్కువ అనుభవమేం లేదు, కాగితం మీదికి రాలేదంతే. నల్లపాడులోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఆటోనగర్‌కు వచ్చే క్రాంకుల కొలతలను తెలుగులో పట్టికగా చేయడం మెకానికల్ విద్యార్థుల ప్రాజెక్టుగా ఎవరైనా చేయిస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులందరికీ పనికొస్తుంది.

బిల్లు లేకుండా క్రాంకు కొనడం ఇక్కడ మామూలైపోయింది. దొంగ బండి విప్పిన సామానని తేలితే, తెలిసి కొన్నవాళ్ళ మీద భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసు అవుతుంది. నంబరు లేని వస్తువు కాబట్టి అమ్మినవాళ్ళ పేరు, తేదీ, కొలతలు రాయించుకున్న కాగితం కొన్నవాళ్ళకే రక్ష. సీసీ మారేలా ఇంజన్ చేయిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చూసుకోవాలి. ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా తయారీదారు రూపాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవన్నీ దాటిన క్రాంకును బ్లాకులో పడుకోబెట్టాక హెడ్ బిగించకముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. మెయిన్ క్యాపులు టార్క్ రెంచితో బిగించి, ఒక్క పిస్టనూ రాడ్డూ వేసి క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎదురు బరువులు బ్లాకు గోడకో, ఆయిల్ పంపుకో, క్యామ్‌షాఫ్టుకో తగులుతున్నాయేమో చూడాలి. పిస్టన్ పైకి వచ్చిన చోట బ్లాకు ముఖానికి ఎంత పైన, ఎంత కింద ఆగిందో డయల్ గేజీతో కొలవాలి. డీజిల్ ఇంజన్లో ఆ అంకె కొద్దిగా ఎక్కువైతే పిస్టన్ వాల్వును కొడుతుంది, తక్కువైతే కంప్రెషన్ పడిపోయి చలికాలం పొద్దున స్టార్టు కాదు. ఒక్కో సిలిండరుకూ ఇదే కొలత తీసి, వచ్చిన అంకెను సిలిండరు పక్కన బ్లాకు మీద సుద్దతో రాసుకున్నాకే హెడ్ గ్యాస్కెట్ ఎంచుకోవాలి.